‘జా అత్వాగు’ పతకం ఎవరిదో కనుక్కోవడం ఎలా

నెల్లూరు, ఒంగోలు వైపు ఏ ఇంటి బీరువాలోనైనా సోవియట్ యుద్ధ పతకం కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. రష్యాలో ఎంబీబీఎస్ చదివొచ్చిన పిల్లలు, ఆ రోజుల్లో పార్టీ తరఫునో స్నేహ సంఘాల తరఫునో మాస్కో చూసొచ్చిన పెద్దలు, నాణేలూ స్టాంపులూ పోగుచేసేవాళ్లు, వీళ్లలో ఎవరో ఒకరి చేతుల మీదుగా వచ్చి ఉంటుంది. సోవియట్ యూనియన్ కూలిపోయాక మాస్కోలోని అర్బాత్ వీధిలో ఇలాంటివి జ్ఞాపికల బల్లల మీద పెట్టి అమ్మారు. అలా వచ్చినవాటిలో ఎక్కువగా కనిపించేది ‘జా అత్వాగు’. ధైర్యానికి ఇచ్చే పతకం. దాని వెనక ఒక అంకె చెక్కి ఉంటుంది. ఆ అంకె కొడితే సైనికుడి పేరు వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ఈ పనంతా పేరు మీద నడుస్తుంది. పేరు కాగితంలో ఉంటుంది. కాబట్టి పతకంతో పాటు వచ్చిన చిన్న పుస్తకం, మడతపెట్టిన చీటీ, ఫొటో, ఏదున్నా పారేయకండి. ఈ పనిలో వెండి కంటే కాగితానికే విలువ.

ముందు పతకం సంగతి

ఈ పతకాన్ని 1938 అక్టోబరు 17న ప్రవేశపెట్టారు. గుండ్రంగా, 37 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటుంది. పైభాగంలో మూడు విమానాలు, మధ్యలో ఎర్ర ఎనామిల్ నింపిన అక్షరాలు, వాటి కింద ట్యాంకు, అట్టడుగున మళ్లీ ఎర్రగా నాలుగు అక్షరాలు. ఆ నాలుగూ ఇంగ్లిష్ చదివేవాళ్లకు ‘సి సి సి పి’లా కనిపిస్తాయి. రష్యన్‌లో సి ఆకారం ‘స’, పి ఆకారం ‘ర’. అంటే ఎస్ ఎస్ ఎస్ ఆర్, సోవియట్ యూనియన్. ఈ నాలుగు అక్షరాలు లేకుండా, 34 మిల్లీమీటర్లే ఉంటే అది 1994 తర్వాత రష్యన్ ఫెడరేషన్ ఇస్తున్న పతకం. రెండో ప్రపంచ యుద్ధకాలపు సైనికుడి కోసం దాంతో వెతకడం దండగ.

లోహం 925 వెండి. పైనున్న రిబ్బన్ దిమ్మె తీసేసి తూస్తే సుమారు 28 గ్రాములు, గ్రామున్నర అటూఇటూ. ఇంట్లో కాటా లేకపోతే నెల్లూరు ఆచారి వీధిలో ఏ నగల కొట్టుకు వెళ్లినా నిమిషంలో తూచి ఇస్తారు. తూకం మాత్రమే అడగండి. గీటురాయి మీద గీయనివ్వకండి, యాసిడ్ చుక్క వేయనివ్వకండి. ఆ గీత ఇక పోదు. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు. తూకం బాగా తక్కువై, విమానాల అంచులూ ట్యాంకు చక్రాలూ మెత్తగా, కరిగి గట్టిపడినట్టుంటే అది పోత పోసిన నకలు అయ్యుండొచ్చు. అసలుది అచ్చు కొట్టినది. భూతద్దంలో అంచులు పదునుగా తెగినట్టు కనిపిస్తాయి.

ఇప్పుడు వెనక వైపు. నున్నటి వెండి మీద వరుస అంకె ఒక్కటే ఉంటుంది. కిటికీ పక్కన పెట్టి వెలుతురు పక్క నుంచి పడేలా ఫొటో తీయండి. అంకె చుట్టూ లోహం కాస్త పల్లంగా ఉందా, గీరిన చారలున్నాయా చూడండి. పాత అంకె రుద్దేసి కొత్తది కొట్టడం ఈ వ్యాపారంలో పాత మోసం. యుద్ధం తర్వాత ఇచ్చినవాటిలో అంకె లేనివీ ఉన్నాయి. ఈ పతకం యుద్ధంతో ఆగిపోలేదు, 1956లో హంగరీకి వెళ్లినవాళ్లకూ తర్వాత అఫ్ఘానిస్తాన్‌లో పోరాడినవాళ్లకూ ఇచ్చారు. అంకె చిన్నదైతే కాలం గురించి కొంత తెలుస్తుంది. 1941 జూన్‌లో జర్మనీ దాడికి ముందు ఇచ్చినవి సుమారు 26 వేలే. ఖసాన్ సరస్సు దగ్గర జపాన్ సేనతో జరిగిన పోరు, ఫిన్లాండ్‌తో జరిగిన చలికాలపు యుద్ధం ఆ కాలానివే. యుద్ధం నాలుగేళ్లలో ఇచ్చినవి నలభై లక్షలు దాటాయి.

రిబ్బన్ చూసి తేదీ కట్టకండి. 1943 జూన్ 19 దాకా నలుచదరపు చిన్న దిమ్మె, ఎర్ర రిబ్బన్, వెనక మరమేకూ నట్టూ ఉండేవి. ఆ తర్వాత అయిదు మూలల దిమ్మె వచ్చింది. దానికి బూడిదరంగు రిబ్బన్, రెండంచుల్లో నీలిగీత. మారిన నియమం ప్రకారం పాత పతకాలను కొత్త దిమ్మెలకు తగిలించుకున్నారు. కాబట్టి కొత్త దిమ్మె కింద పాత పతకం ఉండటం మామూలే.

అంకె ఎందుకు పనిచేయదు

యుద్ధంలో పతకం ఇచ్చే ఆర్డరులో పేరు, హోదా, చేసిన పని రాశారు. ఏ అంకె గల పతకం ఎవరికి అని రాయలేదు. పతకం చేతికిచ్చినప్పుడే ఆ అంకె సైనికుడి గుర్తింపు పత్రంలోకి ఎక్కేది. తర్వాత ప్రతి గ్రహీతకూ ఒక కార్డు తయారుచేసి, ఆ మనిషికి వచ్చిన అన్ని పతకాల అంకెలూ అందులో ఎక్కించారు. ఈ కార్డులు మాస్కో పక్కన పొదోల్స్క్‌లో ఉన్న రక్షణశాఖ కేంద్ర ఆర్కైవులో ఉన్నాయి. అక్కడివాళ్లు దాన్ని త్సామో అంటారు. కార్డులు పేరు వరుసలో పేర్చి ఉన్నాయి, అంకె వరుసలో కాదు. పేరు తెలిస్తే కార్డు దొరుకుతుంది, కార్డులో అంకె దొరుకుతుంది. అంకె నుంచి పేరుకు వెళ్లే దారి ఆ పేర్పులోనే లేదు.

కాగితం ఉంటే ముందు ఒక్క పని చేయండి: అందులో రాసిన అంకెనూ పతకం వెనక అంకెనూ పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మేవాళ్లు ఎక్కడిదో పుస్తకాన్ని ఇంకెక్కడిదో పతకంతో జత చేసి ‘సెట్టు’ అని అంటగట్టడం మామూలు. ఒక్క అంకె తేడా ఉన్నా ఆ పుస్తకం ఈ పతకానిది కాదు. అలాంటప్పుడు మీరు వెతకబోయేది పుస్తకంలోని మనిషిని, పతకం వేసుకున్న మనిషిని కాదు.

పేరు చదవడం

రష్యన్ కాగితాల్లో మన పద్ధతే: ఇంటిపేరు ముందు, తర్వాత సొంతపేరు, ఆపైన తండ్రిపేరు. ‘ఇవానోవ్ ఇవాన్ పెత్రోవిచ్’ అంటే ఇవానోవ్‌ల ఇంటి ఇవాన్, పెత్ర్ కొడుకు. ఆడవాళ్లయితే ఇంటిపేరు చివర ‘ఆ’ వస్తుంది (ఇవానోవా), తండ్రిపేరు ‘ఓవ్నా’తోనో ‘యెవ్నా’తోనో ముగుస్తుంది. ఈ పతకం అందుకున్నవాళ్లలో నర్సులూ స్నైపర్లూ అయిన ఆడవాళ్లు తక్కువేం కాదు. చివర ‘ఆ’ కనిపిస్తే అచ్చుతప్పు అని కొట్టేయకండి.

అచ్చు అక్షరాల్లో కొన్ని మోసం చేస్తాయి. హెచ్‌లా కనిపించేది ‘న’. బి ఆకారం ‘వ’. వై ఆకారం ‘ఉ’. ఎక్స్ ఆకారం ‘ఖ’. అంకె మూడులా కనిపించేది ‘జ’. తలకిందులైన ఎల్‌లా, ఉరికొయ్యలా నిలబడ్డది ‘గ’. ఇవి చాలు, పతకం మీద రాసిన రెండు మాటలు మీరే చదివేస్తారు. చేతిరాతతో వచ్చిన చిక్కు వేరు. సిరా కలంతో కలిపి రాసినప్పుడు ‘త’ ఇంగ్లిష్ చిన్న ఎమ్‌లా, ‘ద’ చిన్న జీలా, ‘ఇ’ చిన్న యూలా, ‘ప’ చిన్న ఎన్‌లా మారిపోతాయి. పత్రం మీద పేరు దాదాపు ఎప్పుడూ చేతిరాతే. ఫోన్ కెమెరా అనువాదం ఇక్కడ బోల్తా పడుతుంది. ఒక్కో అక్షరం కాగితం మీద వేసుకుని, అనుమానమున్న చోట రెండు మూడు రూపాలు రాసి పెట్టుకోండి. వెతికేటప్పుడు ఒక్కొక్కటే వేసి చూడొచ్చు.

ఫోన్‌లో జీబోర్డ్ ఉంటే సెట్టింగుల్లో భాషల దగ్గర రష్యన్ కలపండి. ఇంగ్లిష్ అక్షరాలతో పేరు కొడితే ఈ సైట్లలో ఫలితం రాదు. చూడ్డానికి ‘ఎ’, ‘ఓ’ ఒకేలా ఉన్నా రష్యన్ కీబోర్డు మీద కొట్టినవే కావాలి.

వెతకడం

రష్యా రక్షణశాఖ పెట్టిన సైట్లు మూడు, మూడూ ఉచితం. ‘పోద్విగ్ నరోదా’ పతకాల ఆర్డర్ల కోసం. ‘ఓబీడీ మెమోరియల్’ చనిపోయినవాళ్ల, తప్పిపోయినవాళ్ల కోసం. ‘పామ్యత్ నరోదా’ ఈ రెంటినీ కలిపి, సైనిక దళాల కాగితాలు కూడా చేర్చినది. మొదట పామ్యత్ నరోదాతో మొదలుపెట్టండి. సైటు రష్యన్‌లోనే ఉంటుంది, బ్రౌజరులో అనువాదం పెట్టుకోవచ్చు. కానీ వెతికే గడిలో పేరు కొట్టేటప్పుడు అనువాదం ఆపేయండి, లేకపోతే ఫలితాల్లో ఇంటిపేర్లు కూడా అర్థంలోకి మారిపోయి ‘కుజ్నెత్సోవ్’ కాస్తా ‘కమ్మరి’ అయి కూర్చుంటాడు.

అన్ని గడులూ ఒకేసారి నింపడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. ఇంటిపేరు, సొంతపేరు, తండ్రిపేరు మాత్రమే వేయండి. వందల మంది వస్తే పుట్టిన సంవత్సరం కలపండి. అయినా తగ్గకపోతే సైన్యంలోకి పిలిచిన ఊరు కలపండి. ఎవరూ రాకపోతే ఒక్కో గడి ఖాళీ చేసుకుంటూ వెనక్కి రండి. తండ్రిపేరు తీసేయండి, లేదా సొంతపేరు మొదటి అక్షరం మాత్రం ఉంచండి. పుట్టిన సంవత్సరం కాగితానికీ కాగితానికీ ఒకటి రెండేళ్లు తేడా రావడం సాధారణం. రెండు చుక్కలున్న ‘యో’ అక్షరాన్ని టైపు మిషన్ మీద చుక్కల్లేకుండా ‘యె’గా కొట్టేవాళ్లు, కాబట్టి రెండూ వేసి చూడాలి. ఉజ్బెక్, కజాఖ్, తాతార్ పేర్లయితే ఒకే మనిషి పేరు ఒక్కో గుమస్తా ఒక్కోలా రాశాడు. ఇలాంటప్పుడు ఊరిపేరూ సంవత్సరమే దిక్కు.

ఊళ్ల పేర్లూ మారాయి. 1970కి ముందు కనిగిరిలో పుట్టినవాళ్ల పాత కాగితాల్లో నెల్లూరు జిల్లా అని ఉంటుంది, తర్వాత అది ప్రకాశంలోకి వెళ్లింది. అక్కడా అంతే. కాగితంలో గోర్కీ అంటే నేటి నీజ్నీ నోవ్‌గొరోద్, కలీనిన్ అంటే త్వేర్, కుయ్‌బిషెవ్ అంటే సమారా, మోలొతోవ్ అంటే పెర్మ్, స్వెర్ద్లోవ్‌స్క్ అంటే యెకతెరిన్‌బుర్గ్. ‘ఆర్ వి కె’ అనే మూడక్షరాల పొట్టిపేరు కనిపిస్తే అది సైన్యంలో చేర్చుకునే తాలూకా స్థాయి ఆఫీసు. పుట్టినూరు అదే అనుకోకూడదు. చాలాసార్లు దగ్గర్లోనే ఉంటుంది, కొన్నిసార్లు అసలు సంబంధం ఉండదు.

దొరికిన మనిషి మన మనిషే అని నమ్మడానికి పేరు మూడు ముక్కలూ కలవడం చాలదు. ఇవానోవ్ ఇవాన్ ఇవానోవిచ్‌లు వేలల్లో ఉన్నారు. పేరుతో పాటు పుట్టిన సంవత్సరం, మరొకటి (పిలిచిన ఊరు, దళం, ఆర్డరు తేదీ, వీటిలో ఏదైనా) కలవాలి. అన్నిటికంటే గట్టి రుజువు కార్డు. పామ్యత్ నరోదాలో ‘పతకాల కార్డుల పెట్టె’ అనే విభాగం కింద స్కాన్ ఉండి, అందులో మీ పతకం అంకె కనిపిస్తే ఇక సందేహం లేదు. ఒక్కో కార్డు కింద బీరువా అంకె, సొరుగు అంకె రాసి ఉంటాయి. స్కాన్ లేకపోయినా ఆ రెండంకెలు రాసి పెట్టుకోండి. ఎవరినైనా ఆర్కైవుకు పంపాల్సి వస్తే అవే దారి చూపుతాయి.

ఒకే మనిషికి ఈ పతకం రెండు మూడుసార్లు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు రెండు ఆర్డర్లు కనిపిస్తాయి. మీ చేతిలోది దేనిదో కార్డులోని వరుసే చెప్పాలి.

ఆర్డరులోని మూడు వరుసలు

ఈ పతకాన్ని ‘ఆర్డర్’ అనే పేరుతోనే ఇచ్చే పెద్ద పురస్కారాలతో కలిపి చూసేవాళ్లు నిరాశపడేది ఇక్కడే. రెడ్ స్టార్ లాంటి వాటికి ఒక్కో సైనికుడికీ విడిగా సిఫార్సు కాగితం, దాని మీద పేరాలకు పేరాల వర్ణన, పై అధికారుల సంతకాలు ఉంటాయి. ‘జా అత్వాగు’కు చాలాసార్లు అలాంటిది ఉండదు. 1942 నవంబరు నుంచి దీన్ని ఇచ్చే అధికారం రెజిమెంటు కమాండరుకే వచ్చింది. ఆయన ఒకే ఆర్డరులో పది మందికీ పాతిక మందికీ కలిపి ఇచ్చేవాడు. కాబట్టి మీకు కావాల్సిందంతా ఆ ఆర్డరులోనే, ఆ మనిషి పేరు కింద రెండు మూడు వరుసల్లో ఉంటుంది.

కాగితం ఎలా ఉంటుందంటే: పైన రెజిమెంటు పేరు, తేదీ, ఆర్డరు అంకె. అంకె పక్కన ఏటవాలు గీత, ఆ పక్కన హెచ్‌లా కనిపించే అక్షరం ఉంటే అది పతకాల ఆర్డరు అని గుర్తు. తర్వాత ‘సుప్రీం సోవియట్ ప్రెసీడియం పేరున’ అనే వాక్యం, దాని కింద విడిగా పెద్దక్షరాల్లో ‘నగ్రజ్‌దాయు’, అంటే ‘ప్రదానం చేస్తున్నాను’. ఆపైన వరుసగా పేర్లు. ప్రతి పేరుకూ ముందు హోదా, చేసే పని: ఫలానా దళంలో మోర్టార్ గురిచూసేవాడు, టెలిఫోన్ తీగలు వేసేవాడు, గాయపడ్డవాళ్లను మోసేవాడు. పేరు అయ్యాక ‘జా తో, ష్తో’ అనే మాటలు వస్తాయి. ‘ఎందుకంటే’ అని. అక్కడి నుంచి మీ సైనికుడి కథ. చివర పుట్టిన సంవత్సరం, జాతి, పార్టీ సభ్యత్వం, పిలిచిన ఆఫీసు.

చాలావరకు ఇవి కార్బన్ కాపీలు. అక్షరాలు మసకగా, పక్క పేజీ సిరా ఇటు దిగి ఉంటాయి. ఫోన్ అనువాదానికి నేరుగా ఇస్తే హోదాలు సంఖ్యలవుతాయి, సంఖ్యలు పేర్లవుతాయి. స్కాన్ దించుకుని, ఆ మూడు వరుసలు మాత్రం మీరే రష్యన్ కీబోర్డు మీద కొట్టి, అప్పుడు అనువదించండి. పావుగంట పని, ఫలితం పూర్తిగా వేరు. పొట్టి మాటలు కొన్ని ముందే తెలుసుకుంటే మేలు. ‘ఎస్ పి’ అని రష్యన్‌లో ఉంటే పదాతి రెజిమెంటు, ‘ఎస్ డి’ అంటే పదాతి డివిజన్, ‘ఎ పి’ అంటే ఫిరంగి రెజిమెంటు, ముందు ‘గ్వ’ ఉంటే గార్డ్స్ దళం, పోరులో రాణించినందుకు ఆ హోదా పొందినది.

సైటు ఇచ్చిన టైపు చేసిన వివరాలనే నమ్మి ఆగిపోకండి. అవి స్కాన్ చూసి తర్వాత ఎవరో ఎక్కించినవి. ఇంటిపేరులో ఒక అక్షరం, తేదీలో ఒక అంకె జారిపోవడం మామూలే. అసలు స్కాన్‌దే మాట.

ఆర్డరులో తేదీ, దళం తెలిశాక పామ్యత్ నరోదాలో దళాల కాగితాల విభాగానికి వెళ్లి, అదే డివిజన్ పేరుతో ఆ వారం యుద్ధ దినచర్య వెతకండి. రెజిమెంటుది దొరక్కపోయినా డివిజన్‌ది దొరికే అవకాశం ఎక్కువ. ‘ఫలానా ఊరి దగ్గర శత్రు కాల్పుల్లో తెగిన తీగలు కలిపాడు’ అని ఆర్డరులో ఒక్క వరుసే ఉంటే, ఆ రోజు ఆ ఊరి దగ్గర ఏం జరిగిందో దినచర్యలో పేజీలకు పేజీలు ఉండొచ్చు. ఆర్డరు తేదీ, సంఘటన తేదీ ఒకటి కావు, మధ్యలో వారాలు గడిచి ఉండొచ్చు. సైటు సంఘటన తేదీని విడిగా చూపిస్తే దాన్నే పట్టుకోండి.

ఆ తర్వాత ఏమయ్యాడు

అదే పేరూ సంవత్సరమూ ఓబీడీ మెమోరియల్‌లో వేయండి. చనిపోయినవాళ్ల నివేదికల్లో భార్యదో తల్లిదో పేరు, ఊరు, ఖననం చేసిన చోటు ఉంటాయి. అక్కడ లేకపోతే 1985 నాటి కార్డుల్లో చూడండి. విజయానికి 40 ఏళ్లు నిండిన సందర్భంగా అప్పటికి బతికున్న యుద్ధవీరులకు ‘దేశభక్తి యుద్ధపు ఆర్డర్’ అనే పురస్కారం ఇచ్చారు. ఆ కార్డు ఉందంటే మనిషి అప్పటికి బతికే ఉన్నాడు. ఆ కార్డుల్లో పుట్టినూరు కూడా దొరుకుతుంది.

ఎక్కడా దొరకని వాళ్లూ ఉంటారు. కారణం చాలాసార్లు ఆర్కైవే వేరు కావడం. నౌకాదళం వాళ్ల కాగితాలు గాత్చినా ఆర్కైవుకు చెందినవి. సరిహద్దు, అంతర్గత దళాల వాళ్లవి, యుద్ధానికి ముందు పతకం పొందినవాళ్లవి మాస్కోలోని సైనిక ఆర్కైవులో ఉంటాయి. చిన్న అంకె పతకం ఉండి పామ్యత్ నరోదాలో పేరు రాకపోతే ముందు అనుమానించాల్సింది అదే. గాయాల, ఆసుపత్రుల కాగితాలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో విడిగా ఉన్నాయి.

ఉన్నది అంకె ఒక్కటే అయితే

అవకాశాలు సన్నం. ఏళ్ల తరబడి కార్డులు చూస్తూ అంకె-పేరు జాబితాలు పోగేసుకున్న పరిశోధకులు రష్యాలో ఉన్నారు, డబ్బు తీసుకుని వెతికిపెడతారు. డబ్బు ఇచ్చేముందు మూడు సంగతులు తేల్చుకోండి: అంకె మీద వెతుకుతారా లేక పేరు కావాలంటారా, దొరక్కపోతే ఎంత తిరిగిస్తారు, దొరికితే కార్డు స్కాన్, దాని బీరువా, సొరుగు అంకెలు ఇస్తారా. ‘పేరు చెప్తాం, కాగితం చూపం’ అనేవాళ్ల దగ్గర ఆగకండి. కాగితం లేని పేరుతో చేసేదేమీ లేదు. అంకె ఒక్కటే ఉన్న పతకాన్ని పరిశోధన కోసమని కొత్తగా కొనడం తెలివైన పని కాదు.

రష్యాలో చదివే పిల్లలకు ఒక జాగ్రత్త. సోవియట్ పతకాల కొనుగోలు, అమ్మకం రష్యా క్రిమినల్ కోడ్ 324వ అధికరణ కింద నేరం. సంతలో చవకగా దొరికింది కదా అని సూట్‌కేసులో వేసుకుని విమానాశ్రయానికి వెళ్లొద్దు.

ఇక ఇంట్లో ఉన్నదాని సంగతి. చింతపండు, విబూది, పళ్లపొడి, ఏదీ వద్దు. నలుపు పోతే దాంతో అంకె అంచుల పదునూ ఎనామిల్ మెరుపూ పోతాయి, నకలా అసలా చెప్పే ఆనవాళ్లూ పోతాయి. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే కొన్నాళ్లకు జిగురు దిగుతుంది, రబ్బరు బ్యాండు తగిలిన చోట వెండి నల్లబడుతుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, చిన్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. రిబ్బన్ ఉతకొద్దు, రంగు దిగుతుంది. ఆర్డరు స్కాన్, కార్డు స్కాన్ ప్రింటు తీసి, వెనక పెన్సిలుతో ఆర్కైవు పేరు, ఫాండ్ (కాగితాల సముదాయం), ఓపిస్ (అందులోని జాబితా), ఫైలు, పేజీ అంకెలు రాసి అదే డబ్బాలో పెట్టండి. పతకం చేతులు మారితే ఆ కాగితాలు కూడా దాని వెంటే వెళ్లాలి.